సైకిలు టైర్లు, చక్రాలు: ఇంట్లోనే చూసుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

మా వీధి మొదట్లో ఉన్న సైకిలు దుకాణం మూతపడిన తరువాత, పంపు ఉన్న ఇల్లు కనుక మా వరండాకు సైకిళ్ళు రావడం మొదలైంది. వచ్చేవారి సందేహాలు మాత్రం ఎప్పుడూ అవే: గాలి ఎందుకు నిలవడం లేదు, ఏ సైజు టైరు కొనాలి, వంకర పోయిన చక్రాన్ని మనమే సరిచేసుకోవచ్చా. చెప్పిందే చెప్పవలసి వస్తున్నందువల్ల వాటిని ఒకచోట రాసి పెట్టాను. రాడ్డు బ్రేకుల నల్ల సైకిలు మొదలుకొని పిల్లల గేరు సైకిలు దాకా మన ఊళ్ళలో తిరిగేవాటిని దృష్టిలో పెట్టుకొని రాసిన జవాబులివి. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరకు వారు నేరుగా వెళ్ళవచ్చు.

## గాలి, వాల్వు

గాలి ఎన్ని రోజులకొకసారి కొట్టాలి?

పంక్చరు లేకపోయినా రబ్బరు ట్యూబు గుండా గాలి కొద్దికొద్దిగా బయటికి పోతూనే ఉంటుంది. లావు టైర్ల సైకిలుకు వారానికి ఒకసారి, రేసు సైకిళ్ళలాంటి సన్న టైర్లకు రెండు మూడు రోజులకు ఒకసారి చూసుకోవాలి. టైరు మెత్తబడిందని తొక్కేటప్పుడు తెలిసే సమయానికి అది చాలా రోజులుగా తక్కువ గాలితో నడుస్తున్నట్టే లెక్క. నా దగ్గరకు వచ్చిన సైకిళ్ళలో టైరు పక్కలు పగలడం, వాల్వు మొదలు చిరగడం, రిమ్ముకు సొట్ట పడడం వంటి వాటిలో చాలా మటుకు తక్కువ గాలితో తొక్కడం వల్ల వచ్చినవే.

ఎంత గాలి పెట్టాలో ఎలా తెలుస్తుంది?

టైరు పక్క మీద ఉబ్బెత్తు అక్షరాలతో ఆ అంకె ముద్రించి ఉంటుంది. గాలి ఒత్తిడిని కొలిచే పీఎస్ఐలో గాని, బార్లలో గాని ఉంటుంది. ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ. చాలా టైర్ల మీద ఉండేది గరిష్ఠ పరిమితి కనుక దానిని దాటకూడదు గాని, దానిని చేరుకోవలసిన అవసరం లేదు. మామూలు బరువున్న మనిషికి 28 × 1½ టైరుకు 50 పీఎస్ఐ ప్రాంతంలోను, మౌంటెన్ సైకిలు లావు టైర్లకు 35 నుంచి 50 వరకు, పిల్లల 20 అంగుళాల సైకిలుకు 30 నుంచి 40 వరకు, 25 మిల్లీమీటర్ల రేసు టైరుకు 80 నుంచి 100 వరకు సరిపోతుంది. తొక్కేవారి బరువులో దాదాపు 60 శాతం వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి వెనక టైరులో నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ ఉంచడం మంచిది. క్యారేజి మీద మనిషినో బియ్యం మూటనో వేసుకుపోయేవారు ఇంకొంచెం పెంచాలి.

మీటరు లేదు, చేత్తో నొక్కి చూస్తే చాలదా?

రోజువారీ వాడకానికి చాలుతుంది గాని, నొక్కే చోటు సరైనది కావాలి. నేలకు తగిలే గట్టి భాగాన్ని నొక్కితే మందమైన రబ్బరు వల్ల గాలి లేకపోయినా గట్టిగానే అనిపిస్తుంది. టైరు రెండు పక్కలనూ బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకొని నొక్కాలి. అంతకంటే నమ్మకమైన పద్ధతి ఒకటుంది: మీరు సీటు మీద కూర్చోండి, ఇంకొకరిని వెనక టైరు చూడమనండి. నేలకు ఆనిన చోట టైరు కొద్దిగా ఉబ్బాలి, కాని చదునుగా పరుచుకోకూడదు. బరువు పడినప్పుడు టైరు ఎత్తు ఏడో వంతు దాకా తగ్గితే ఆ గాలి సరిపోయినట్టు.

మా సైకిలు వాల్వుకు పక్కింటివారి పంపు పట్టడం లేదు. వాల్వులు ఎన్ని రకాలు?

మూడు రకాలు వాడుకలో ఉన్నాయి. నల్ల సైకిళ్ళకు ఉండేది, లోపల పిన్నుకు సన్నటి రబ్బరు గొట్టం తొడిగి, పైన ఒక నట్టుతో బిగించే పాత రకం. దీనికి చాలా దేశాల్లో డన్‌లప్ పేరే స్థిరపడింది. గాలి టైరుకు 1888లో పేటెంటు పొందిన జాన్ బాయ్డ్ డన్‌లప్ పేరు అది. నిజానికి దీనికి వుడ్స్ వాల్వు అనే పేరు కూడా ఉంది. జర్మనీ, నెదర్లాండ్స్‌లలో చదువుకుంటూ పాత సైకిళ్ళు కొనుక్కునే మన పిల్లలకు అక్కడా ఇదే ఎదురవుతుంది. రెండోది మోటారుసైకిలుకు, కారుకు ఉండేలాంటి లావు వాల్వు, దీనిని ష్రేడర్ అంటారు. ఇప్పటి గేరు సైకిళ్ళకు, పిల్లల సైకిళ్ళకు ఎక్కువగా ఇదే ఉంటుంది. మూడోది పెన్సిలంత సన్నని ప్రెస్టా. దీని కొనమీది చిన్న నట్టును వదులు చేసి, ఒకసారి కిందికి నొక్కి వదిలిన తరువాతే గాలి ఎక్కుతుంది. ఆ సంగతి తెలియక పంపు పాడైందనుకునేవారు చాలామంది. కొద్ది డబ్బుకు దొరికే ఇత్తడి అడాప్టరును బిగిస్తే ప్రెస్టాకు మామూలు పంపు పడుతుంది.

పంక్చరు కనబడదు గాని తెల్లారేసరికి గాలి దిగిపోతోంది. ఎందుకు?

ముందు వాల్వును అనుమానించాలి. వాల్వు మూతిమీద తడి వేలితో నీటి బొట్టు పెట్టి, బుడగ లేస్తుందేమో ఒక నిమిషం చూడాలి. పాత రకం వాల్వయితే పిన్ను మీది రబ్బరు గొట్టం ఎండకు బిరుసెక్కి చీలిపోవడం సర్వసాధారణం. దుకాణంలో దీనిని వాల్వు ట్యూబు అని అడిగితే ఇస్తారు. పాతది పీకివేసి, పిన్నును తడిచేసి, పక్కనున్న చిన్న రంధ్రం పూర్తిగా కప్పుకునేటట్టు కొత్త ముక్కను తొడిగి, నట్టు బిగిస్తే పని అయిపోతుంది. ష్రేడర్ వాల్వయితే లోపలి పిన్ను వదులై ఉండవచ్చు. దానిని తిప్పే చిన్న పనిముట్టుతో కొద్దిగా బిగించాలి. ఇవేవీ కావంటే ట్యూబుకు సూదిమొనంత రంధ్రం ఉన్నట్టు. ట్యూబు బయటికి తీసి, కాస్త ఎక్కువగా ఉబ్బించి నీళ్ళలో ముంచితేనే అది బయటపడుతుంది.

పెట్రోలు బంకులో గాలి పట్టించవచ్చా?

ష్రేడర్ వాల్వు ఉంటే పట్టించవచ్చు, కాని జాగ్రత్త అవసరం. సైకిలు ట్యూబులో పట్టే గాలి మోటారుసైకిలు ట్యూబుతో పోలిస్తే చాలా తక్కువ కావడం వల్ల కంప్రెసరు గొట్టాన్ని రెండు సెకన్లు అదనంగా ఆనించినా ట్యూబు టైరును తోసుకొని బయటికి వచ్చి పేలిపోగలదు. ఆనించి తీయడం, నొక్కి చూడడం, మళ్ళీ ఆనించడం అనే పద్ధతిలో కొద్దికొద్దిగా పట్టించాలి. సన్న టైర్ల సైకిలును మాత్రం బంకుకు తీసుకుపోకుండా మీటరున్న కాలి పంపు కొనుక్కోవడమే మేలు.

ఎండలో నిలబెడితే టైరు పేలుతుందంటారు, నిజమేనా?

లెక్క వేసి చూద్దాం. 25 డిగ్రీల దగ్గర 60 పీఎస్ఐ ఉన్న టైరు, రెంటచింతల ఎండలో నిలబడి లోపలి గాలి 60 డిగ్రీలకు చేరినా, ఒత్తిడి 69 దగ్గరే ఆగుతుంది. బాగున్న టైరు ఆ తొమ్మిది పీఎస్ఐలకు పేలదు. పేలిన ప్రతిసారీ అసలు కారణం వేరుగా ఉంటుంది: పక్క బలహీనపడి ఉబ్బి ఉండడం, టైరు అంచు రిమ్ములో సరిగ్గా కూర్చోకపోవడం, అంచు కింద ట్యూబు నలిగి ఉండడం, లేదా గరిష్ఠ పరిమితి దాకా గాలి నింపి ఎండలో వదలడం. వేసవిలో ఒక ఐదు పీఎస్ఐ తగ్గించి, సైకిలును నీడన పెట్టుకుంటే చాలు.

## పంక్చరు

చక్రం విప్పకుండానే పంక్చరు వేయవచ్చా?

వేయవచ్చు, రోడ్డు పక్క మేస్త్రీలు చేసేది అదే. చైను మొత్తం కప్పే రేకు, వెనక స్టాండు, మడ్‌గార్డు కమ్మీలు ఉన్న నల్ల సైకిలుకు వెనక చక్రం విప్పడం అరగంట పని కనుక, సైకిలును పడుకోబెట్టి గాని తలకిందులుగా నిలబెట్టి గాని చైను లేని పక్క టైరు అంచును మాత్రమే రిమ్ము బయటికి తీసి, ట్యూబును ఆ సందులోంచి లాగి అతికిస్తారు. వాల్వు ఉన్న చోట తప్ప మిగతా ట్యూబంతా చేతికి వస్తుంది. ట్యూబు గాని, టైరు గాని పూర్తిగా మార్చాలంటే మాత్రం చక్రం విప్పక తప్పదు.

టైరు ఊడదీయడానికి స్క్రూడ్రైవరు వాడవచ్చా?

వాడకూడదు. నేను మొదటిసారి స్క్రూడ్రైవరుతోనే మొదలుపెట్టి ఒక్క పంక్చరును మూడు చేసుకున్నాను. ప్లాస్టిక్కు టైరు లివర్లు రెండుంటే సరిపోతుంది. లేకపోతే అంచులు నున్నగా ఉన్న గట్టి స్టీలు గరిటె కాడలు పనికి వస్తాయి. గాలి పూర్తిగా తీసి, టైరు అంచును చుట్టూ నొక్కుతూ రిమ్ము నడిమి గాడిలోకి దించాలి. రిమ్ము మధ్యభాగం అంచులకంటే లోతుగా ఉంటుంది కాబట్టి, ఒక పక్క అంచు అందులోకి దిగితే ఎదురు పక్క వదులు దొరుకుతుంది. కిటుకంతా ఇక్కడే ఉంది. ఆ వదులు ఉంటే, వాల్వుకు కాస్త దూరంగా ఒక లివరు పెట్టి ఎత్తి, జానెడు దూరంలో రెండోది పెట్టి జరుపుకుంటూ పోవచ్చు. బలం ఎక్కువగా పెట్టవలసి వస్తోందంటే అంచు గాడిలోకి దిగలేదన్నమాట.

రంధ్రం ఎక్కడుందో కనిపెట్టడం ఎలా?

ట్యూబు మామూలు లావుకు ఒకటిన్నర రెట్లు అయ్యేదాకా గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో కొంచెం కొంచెంగా ముంచుతూ చుట్టూ తిప్పాలి. ఆగకుండా వరుసగా వచ్చే బుడగలే పంక్చరు గుర్తు. ట్యూబు మీద అంటుకొని ఒకటి రెండు లేచి ఆగిపోయేవి లెక్కలోకి రావు. ఒక రంధ్రం దొరకగానే ఆపవద్దు, చుట్టంతా చూడాలి. వాల్వును కూడా ముంచాలి. నీళ్ళు లేనిచోట ట్యూబును చెంపకు దగ్గరగా తిప్పితే గాలి తగులుతుంది. దొరికిన చోట బాల్‌పెన్నుతో చుట్టూ సున్నా చుట్టకుండా, రంధ్రం మీదుగా పెద్ద గుణకారం గుర్తు వేస్తే, తరువాత గీకేటప్పుడు మధ్యభాగం చెరిగిపోయినా కొసలు మిగిలి చోటు తెలుస్తుంది.

ప్యాచ్ వేసిన రెండు రోజులకే ఊడిపోతోంది. ఏమి పొరపాటు చేస్తున్నాను?

తొందర. సొల్యూషన్ తడిగా ఉండగానే ప్యాచ్ అంటించేస్తారు. అది కాగితాలు అంటించే జిగురులాంటిది కాదు. పైని ద్రవం ఆవిరైపోయి, వేలు పెడితే అంటకుండా పొడిగా అనిపించినప్పుడే అతుకు పట్టుకుంటుంది. అందుకు మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. నోటితో ఊదితే తేమ చేరుతుంది కనుక ఊదకూడదు.

అంతకుముందు, ట్యూబు మీది మెరుపు పోయి గరుకుగా నల్లబడేదాకా గరుకు కాగితంతో ప్యాచ్‌కంటే కొంచెం ఎక్కువ మేర గీకి, పొడి తుడవాలి. ట్యూబు మీద పొడవునా ఉండే అచ్చు గీత ప్యాచ్ కింద పడితే ఆ గీతను పూర్తిగా గీకివేయాలి, లేకపోతే దాని పక్కనుంచే గాలి దారి చేసుకుంటుంది. గీకిన చోట వేలు పెట్టకూడదు. చేతి జిడ్డు చాలు అతుకు చెడడానికి. అంటించాక మధ్యలోంచి అంచులవైపు గట్టిగా రుద్ది, పౌడరు చల్లాలి. పాత ట్యూబు ముక్కనే ప్యాచ్‌గా వాడుతుంటే దానినీ గీకి, దానికీ సొల్యూషన్ రాసి ఆరనివ్వాలి. బాగా అతికిందో లేదో చూద్దామని ట్యూబును బయటే పెద్దగా ఉబ్బించవద్దు. టైరులో పెట్టాకే గాలి నింపాలి.

ఒకే చోట మళ్ళీ మళ్ళీ పంక్చరవుతోంది. ట్యూబు మారిస్తే పోతుందా?

పోదు, కారణం టైరులోనో రిమ్ములోనో ఉంది. ట్యూబు తీసేటప్పుడు వాల్వు టైరు మీద ఏ అక్షరం దగ్గర ఉందో గుర్తుపెట్టుకుంటే, రంధ్రం దొరికాక ట్యూబును టైరు మీద అదే తీరుగా పెట్టి ముల్లు ఎక్కడుందో నేరుగా చూడవచ్చు. రంధ్రం ట్యూబు బయటివైపు ఉంటే ముల్లో, గాజుపెంకో, టైర్లు కాలినప్పుడు రోడ్డు మీద మిగిలే సన్న ఉక్కు తీగో ఇంకా టైరులో గుచ్చుకొని ఉంది. లోపలివైపు, అంటే రిమ్ము వైపు ఉంటే చక్రం పుల్ల (స్పోకు) కొన పొడుచుకు వచ్చింది గాని, పుల్లల తలలను కప్పే రిమ్ము పట్టీ జరిగింది గాని. పక్కపక్కనే రెండు సన్న చీలికలుంటే తక్కువ గాలితో గుంతలో పడి టైరుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగింది. వాల్వు మొదట్లో చిరిగితే గాలి చాలక టైరు రిమ్ము మీద జారుతూ ట్యూబును లాగింది. అలా చిరిగినది అతుక్కోదు, ట్యూబు మార్చాలి.

మన ప్రాంతంలో సర్కారు తుమ్మ ముల్లు టైరు పైకి కనబడకుండా లోపలే విరిగి ఉంటుంది. పల్లేరు కాయ అయితే ఒక్కటే నాలుగు ముళ్ళతో తగులుతుంది. టైరు లోపలివైపు వేళ్ళతో కాక, దూదితో గాని పాత బట్టతో గాని చుట్టూ తుడిస్తే పోగు తగులుకున్న చోట ముల్లు ఉంటుంది.

ట్యూబుకు ఎన్ని ప్యాచ్‌లు వేయవచ్చు?

లెక్కేమీ లేదు. ప్యాచ్ మీద ప్యాచ్ పడనంత వరకు, వాల్వుకు రెండు వేళ్ళ దూరంలోకి రానంత వరకు వేసుకోవచ్చు. ట్యూబును సాగదీస్తే సన్న పగుళ్ళు కనబడుతున్నాయంటే మాత్రం దాని కాలం చెల్లింది.

## టైరు మార్చడం

టైరు మార్చవలసిన సమయం వచ్చిందని ఎలా గుర్తించాలి?

రబ్బరు కింది నూలు పోగులు ఎక్కడైనా కనబడితే ఆ రోజే మార్చాలి. పక్క ఉబ్బినా, టైరు తిప్పినప్పుడు ఒకచోట పాములా వంపు తిరిగినా అంతే. అరుగుదల వల్ల గుండ్రటి టైరు నడుమ చదునుగా అయినప్పుడు, వారం వారం ముళ్ళు దిగడం మొదలైనప్పుడు మార్చడం గురించి ఆలోచించాలి. పక్కల మీద వెంట్రుకల్లాంటి పగుళ్ళు వయసు వల్ల వస్తాయి. లోతుగా లేనంతవరకు నెమ్మదిగా తిరిగే సైకిలుకు వాటితో ప్రమాదం లేదు గాని, నేనైతే అలాంటి టైరుతో పిల్లలను బడికి పంపను.

28 టైరని తెచ్చాను, రిమ్ముకు పట్టడం లేదు. ఎందుకిలా?

అంగుళాల పేరు ఒకటే అయినా లోపలి కొలతలు వేరు కావడం వల్ల ఇలా జరుగుతుంది, ఈ గందరగోళానికి వందేళ్ళ చరిత్ర ఉంది. టైరు పక్కన చిన్న అక్షరాలతో 40-635 లాంటి జంట అంకె ఉంటుంది, కొనేటప్పుడు దానిని మాత్రమే నమ్మాలి. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది టైరు అంచు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. నల్ల సైకిలు 28 × 1½ టైరు 635 రకం. 700సి అనే హైబ్రిడ్, రేసు సైకిళ్ళ టైరు 622 రకం, దానినీ 28 అనే పిలుస్తారు. ఆ 13 మిల్లీమీటర్ల తేడాను ఏ బలమూ పూడ్చలేదు.

26 దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. 26 × 1.95 అని దశాంశంలో రాసిన మౌంటెన్ సైకిలు టైరు 559, 26 × 1⅜ అని భిన్నంలో రాసినది 590, 26 × 1½ అనేది 584. చివరిది ఇప్పటి 27.5 అంగుళాల సైకిళ్ళ కొలతే. దశాంశాన్ని భిన్నంగా మార్చి చూస్తే సమానమైనంత మాత్రాన టైర్లు సమానం కావు: 1.75 వేరు, 1¾ వేరు. పిల్లల 20 అంగుళాలలోనూ 406, 451 అని రెండున్నాయి. కాగితం మీద రాసుకొని వెళ్ళేకంటే పాత టైరునే దుకాణానికి పట్టుకుపోవడం నయం. రెండో అంకె తప్పకుండా కలవాలి. మొదటి అంకె, అంటే వెడల్పు, ఫోర్కుకు, మడ్‌గార్డుకు తగలనంతవరకు కొద్దిగా అటూ ఇటూ ఉండవచ్చు.

వెనక టైరే అరిగింది. ముందుది వెనక్కి మార్చి కొత్తది ముందు వేయాలా?

అలా చేయడమే సరైన పద్ధతి. వెనక టైరు బరువు మోస్తూ, తొక్కే బలాన్ని నేలకు అందిస్తూ ఉండడం వల్ల త్వరగా అరుగుతుంది. ఉన్న రెంటిలో మంచిది ఎప్పుడూ ముందు ఉండాలి, ఎందుకంటే ముందు టైరు జారితే గాని పేలితే గాని నిలదొక్కుకోవడం చాలా కష్టం. వెనకది పేలితే సాధారణంగా ఊగుతూ ఆపుకోగలం.

వెనక చక్రం విప్పి మళ్ళీ బిగించేటప్పుడు ఏవి గమనించాలి?

గేర్లున్న సైకిలయితే చైనును అన్నిటికంటే చిన్న పళ్ళచక్రం మీదకు మార్చి, బ్రేకు తీగ వదులు చేసి, ఆ తరువాత ఇరుసు నట్లు విప్పాలి. వాషర్లు, స్టాండు, మడ్‌గార్డు కమ్మీలు ఏ వరుసలో ఉన్నాయో ఫోనుతో ఒక ఫోటో తీసుకోవడం మంచిది. బిగించేటప్పుడు ఒక వాషరు మిగిలిపోవడం ఎవరికైనా జరిగేదే. గేర్లు లేని సైకిలుకు చక్రాన్ని వెనక్కి లాగి, చైనును మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిలిస్తే ఒక సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటర్లు కదిలేలా ఉంచాలి. టైరు రెండు పక్కలా ఫ్రేము కమ్మీలకు సమదూరంలో ఉందో లేదో చూసి, నట్లను ఒకదాని తరువాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక పక్కే ముందుగా బిగిస్తే చక్రం పక్కకు లాగుతుంది.

డిస్కు బ్రేకులుంటే చక్రం లేనప్పుడు బ్రేకు పిడి నొక్కకూడదు. నూనె బ్రేకయితే ప్యాడ్లు దగ్గరకు వచ్చి ఇరుక్కుంటాయి. మధ్యలో అట్టముక్క పెట్టి ఉంచాలి, డిస్కును జిడ్డు చేతులతో ముట్టకూడదు.

కొత్త టైరు, ట్యూబు ఎక్కించే వరుస ఏమిటి?

ముందు రిమ్ము పట్టీ సరిగా ఉందో చూడాలి. టైరు పక్క బాణం గుర్తు ఉంటే అది చక్రం ముందుకు తిరిగే దిక్కు. ఒక పక్క అంచును రిమ్ములోకి ఎక్కించి, ట్యూబుకు గుండ్రటి ఆకారం వచ్చేంత మాత్రం గాలి కొట్టి, వాల్వును రంధ్రంలో పెట్టి ట్యూబును లోపలికి సర్దాలి. రెండో అంచును వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి రెండు చేతులతో రెండు పక్కలా ఎక్కిస్తూ వాల్వు దగ్గర ముగించాలి. చివరి జానెడు బిగువుగా ఉంటే లివరు జోలికి పోకుండా, మిగతా చుట్టూ అంచును మళ్ళీ నడిమి గాడిలోకి దించి, సబ్బు నీళ్ళు రాసి అరచేతులతో తోయాలి. కొబ్బరినూనె, కిరసనాయిలు రాయకూడదు, అవి రబ్బరును పాడుచేస్తాయి. ఆ తరువాత వాల్వును ఒకసారి లోపలికి తోసి లాగాలి, అక్కడ అంచు కింద ట్యూబు ఇరుక్కోకుండా ఉండడానికి. సగం గాలి నింపి, టైరు పక్కన రిమ్ము వెంబడి కనిపించే సన్న గీత చుట్టూ ఒకే ఎత్తులో ఉందో లేదో చూసుకొని మిగతా గాలి నింపాలి.

ట్యూబు లేని టైర్లు ఇంట్లో వేసుకోవచ్చా?

రిమ్ము, టైరు రెండూ ట్యూబ్‌లెస్ రకానివై ఉంటే వేసుకోవచ్చు. రంధ్రాలను మూయడానికి లోపల పోసే సీలెంటు ద్రవం మన వేడికి త్వరగా ఎండిపోతుంది కనుక రెండు మూడు నెలలకొకసారి చూసి మళ్ళీ పోస్తుండాలి. బడికి, బజారుకు తిరిగే సైకిలుకు ఈ శ్రమ దండగ అని నా అభిప్రాయం.

## చక్రం వంకర, పుల్లలు

చక్రం ఊగుతూ బ్రేకుకు తగులుతోంది. ఇంట్లో బెండు తీయవచ్చా?

ఊగడం నాలుగైదు మిల్లీమీటర్ల లోపు ఉండి, పుల్లలు విరగకుండా ఉంటే తీయవచ్చు. పుల్ల తలకు సరిపోయే స్పోకు కీ ఒక్కటి కొనాలి. కటింగ్ ప్లేయరుతో తిప్పితే తలలు గుండ్రంగా అరిగిపోతాయి. సైకిలును తలకిందులు చేసి, బ్రేకు కట్టను గాని, ఫోర్కుకు కట్టిన అగ్గిపుల్లను గాని గుర్తుగా పెట్టుకొని చక్రం తిప్పాలి. రిమ్ము కుడివైపుకు వస్తున్న చోట, హబ్బు (చక్రం నడుమ ఇరుసు ఉండే భాగం) ఎడమ అంచు నుంచి వచ్చే పుల్లలను బిగించి, కుడి అంచు నుంచి వచ్చేవాటిని అంతే వదులు చేయాలి. ఒక్కో తడవకు పావు చుట్టు మాత్రమే, ప్రతిసారీ తిప్పి చూసుకోవాలి. టైరు వైపు నుంచి చూసినప్పుడు గడియారం ముల్లు తిరిగే దిక్కులో తిప్పితే బిగుస్తుంది. హబ్బు వైపు నుంచి చూసేవారికి ఇది తలకిందులుగా కనబడడం వల్ల బిగించబోయి వదులు చేసి వంకరను రెట్టింపు చేసుకుంటారు. మొదట చేసేవారు బిగించిన పుల్లకు సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవడం మంచిది. ఒక మిల్లీమీటరు ఊపు మిగిలితే అక్కడితో ఆపాలి. అంతకంటే నునుపు కోసం పాకులాడితే ఒక పుల్ల బిగువై, ఒకటి వదులై చక్రం మళ్ళీ వారానికే వంకర పోతుంది.

పుల్లలు మాటిమాటికీ ఎందుకు విరుగుతున్నాయి?

బరువెక్కువై అనుకుంటారు గాని, చాలాసార్లు అవి వదులుగా ఉండడమే కారణం. చక్రం తిరిగే ప్రతి చుట్టులోను నేలకు దగ్గరగా వచ్చిన పుల్ల బిగువు తగ్గి, పైకి పోగానే మళ్ళీ బిగుస్తుంది. తగినంత బిగువు లేని పుల్ల పూర్తిగా సడలి బిగుస్తూ, తీగను అటూ ఇటూ వంచినట్టు హబ్బు దగ్గరి మెడ భాగంలో అలిసి విరుగుతుంది. వీణ తీగలా వేలితో మీటి చూడండి. ఒకే పక్క పుల్లలన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. వెనక చక్రంలో ఫ్రీవీల్ (చైను తిరిగే పళ్ళచక్రం) వైపు పుల్లలే ఎక్కువగా విరుగుతాయి, అక్కడ కొత్తది దూర్చాలంటే ఫ్రీవీల్ విప్పాలి, దానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి.

పుల్ల విరిగింది, ఇంటిదాకా తొక్కవచ్చా?

నల్ల సైకిళ్ళకు ముందు 32, వెనక 40 పుల్లలుంటాయి కనుక ఒకటి విరిగితే నెమ్మదిగా ఇల్లు చేరవచ్చు. విరిగిన ముక్క ఊగకుండా పక్క పుల్లకు చుట్టాలి. రిమ్ము బ్రేకుకు తగులుతుంటే బ్రేకు వదులు చేసుకొని, రెండో బ్రేకు పనిచేస్తోందని చూసుకొని కదలాలి. 20, 24 పుల్లలే ఉన్న రేసు చక్రమైతే నడిపించుకుంటూ రావడమే క్షేమం.

గుంతలో పడి రిమ్ముకు సొట్ట పడింది. కొట్టి సరిచేయవచ్చా?

ఇనుప రిమ్మును చెక్క ఆనించి నెమ్మదిగా కొట్టి చాలావరకు దారికి తేవచ్చు. అల్యూమినియం రిమ్ము ఒకసారి వంగితే తిరిగి వంచినప్పుడు పగుళ్ళు వస్తాయి, దానిని మార్చాలి. బ్రేకు ఒరిసే పక్కలు చేతికి పుటాకారంగా గుంట పడినట్టు తగిలినా, రిమ్ము మీద అరుగుదల తెలియడానికి వేసిన గాడి మాయమైనా మార్చే సమయమే. రిమ్ము మార్చి కొత్తగా పుల్లలు కట్టడం మాత్రం మేస్త్రీకి వదలండి. నేను రెండు ఆదివారాలు కూర్చొని కట్టిన చక్రాన్ని ఆయన ఇరవై నిమిషాల్లో విప్పి మళ్ళీ కట్టారు.

## ఇరుసు, గోళీలు

చక్రం పక్కలకు కదులుతోంది, తిప్పితే గరగరమంటోంది. ఏమి చేయాలి?

కదలడం అంటే హబ్బులోని ఉక్కు గోళీలను అదిమి ఉంచే, ఇరుసు మీది కోను వదులైంది. గరగరలాడడం అంటే గ్రీజు ఎండిపోయి గోళీలు అరుగుతున్నాయి. చక్రం విప్పి, కింద పాత చీర పరిచి, ఎడమ పక్క నట్టును, కోనును విప్పి ఇరుసును లాగితే గోళీలు రాలుతాయి. ఏ పక్క ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. సాధారణంగా ముందు హబ్బులో ఒక్కో పక్క మూడు పదహారో వంతు అంగుళం గోళీలు పది, వెనక హబ్బులో పావు అంగుళం గోళీలు తొమ్మిది ఉంటాయి. గోళీలు కూర్చునే కప్పులను, కోనులను కిరసనాయిలుతో కడిగి వెలుతురులో చూసి, కోను మీద గుంటలుంటే దానిని మార్చాలి. గోళీలను మాత్రం ఎలా ఉన్నా అన్నీ కొత్తవే వేయాలి, కొన్ని పాతవి కొన్ని కొత్తవి కలిపితే బరువు కొత్తవాటి మీదే పడుతుంది. కప్పులో గ్రీజు నిండుగా పెట్టి గోళీలను అందులో గుచ్చితే రాలకుండా నిలుస్తాయి.

కోను సర్దడం దగ్గరే ఓపిక కావాలి. రిమ్మును పట్టుకొని ఊపితే కదలకూడదు, ఇరుసును వేళ్ళతో తిప్పితే బిగుసుకోకుండా తిరగాలి. పై నట్టు బిగించగానే కోను మరికొంత బిగుస్తుంది కాబట్టి ముందే కొద్దిగా వదులుగా ఉంచాలి. రెండు మూడు తడవలు పట్టడం మామూలే. పిడి తిప్పి చక్రం బిగించే క్విక్ రిలీజు రకానికి, బిగించాక పోయేటంత కాస్త కదలిక ఉండనివ్వాలి.

## వాన, ఎండ, నిలువ

వానాకాలంలోనే పంక్చర్లు ఎక్కువెందుకు?

తడి రబ్బరును గాజుపెంకు తేలిగ్గా కోస్తుంది, పైగా రోడ్డు అంచున పడి ఉండే చెత్తనంతా నీరు మధ్యలోకి తెస్తుంది. వాన రోజు ఇంటికి రాగానే టైర్లను తడి బట్టతో తుడిచి, గుచ్చుకున్న పెంకులను లోపలికి దిగకముందే పీకివేయాలి. బ్రేకు ఒరిసే రిమ్ము పక్కలను కూడా తుడవాలి. అక్కడి ఇసుకే రిమ్మును అరగదీస్తుంది. టైరు నల్లగా మెరవడానికి పూసే పాలిష్ రిమ్ముకు అంటితే బ్రేకు పట్టదు, దాని జోలికి పోవద్దు.

పిల్లవాడు హాస్టలుకు వెళ్ళాడు, సైకిలు ఏడాది కదలదు. టైర్లు పాడవకుండా ఎలా ఉంచాలి?

గాలి లేకుండా నిలబెడితే రిమ్ము బరువు ఒకేచోట పడి టైరు పక్క నలిగి పగులుతుంది. రెండు చక్రాలూ నేలకు తగలకుండా వేలాడదీయడం మంచిది. వీలుకాకపోతే నెలకొకసారి గాలి కొట్టి, చక్రాలను సగం చుట్టు తిప్పి నిలబెట్టాలి. ఎండ తగిలే బాల్కనీ, నీళ్ళ మోటారు ఉన్న గది రెండూ పనికిరావు. మోటారు నిప్పురవ్వల వల్ల పుట్టే ఓజోను రబ్బరును పగలగొడుతుంది. విడి ట్యూబులుంటే పౌడరు చల్లి, మడతలు గట్టిగా పడకుండా చుట్టి, కవరులో పెట్టి బీరువాలో ఉంచాలి.